లియో ఫెండర్ - వాయించనేరని గిటారు శిల్పి

మన క్వయరులకు ఎలక్ట్రిక్ గిటారు కొనవలెనా, కొంటే ఎటువంటిది కొనవలెను అను ప్రశ్న ఈ దినములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము సంఘములలో తరచుగా వినబడుతున్నది. యౌవనస్థులు ఒక పేరు చెప్తారు. ఆ పేరుకు ఉన్న ధర విని కోశాధికారి గారు మౌనము వహిస్తారు. పెద్దలలో కొందరు అది గుడికి తగిన వాయిద్యమే కాదంటారు. కోత పండుగ వేలములో గుమ్మడికాయకు, కోడిపుంజుకు పేదవారు పోటీపడి పాడి ఇచ్చిన సొమ్ముతో కొనవలసిన వస్తువు గనుక ఈ ప్రశ్నను చిన్నదిగా ఎంచరాదు. అందువలన ఈ శతవార్షిక సంచికలో, ఆ వాయిద్యమునకు నేటి రూపము ఇచ్చిన ఒక మనుష్యుని జీవితమును చదువరుల ముందు ఉంచదలచినాము. ఆయన పేరు లియో ఫెండర్.

విదేశీ వాయిద్యము మనకెందుకు అని అడిగేవారికి ముందుగా ఒక మాట. 1863లో జేకబ్ చాంబర్లేన్ గారు మదనపల్లెకు వచ్చి మిషను పని ఆరంభించిన నాటికి హార్మోనియము పుట్టి 21 ఏళ్లే అయినది. ప్యారిసు నగరములో డెబాన్ అనే ఆయన 1842లో దానికి పేటెంటు పొందినారు. నేడు అది లేని గుడిని మనము ఊహించలేము. వయొలిను కూడా పడమటి నుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులు గారు మున్నగువారు చేతబట్టినందున అది కర్ణాటక సంగీత కచేరీలో విడదీయరాని భాగమైనది. ఇదే మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు గారు బీసెంట్ కళాశాలలో బస చేసినప్పుడు, ఐర్లండు దేశస్థురాలైన మార్గరెట్ కజిన్స్ గారు జనగణమన గీతమునకు స్వరలిపి సమకూర్చినారు. సంగీతము ఎల్లలు దాటి వచ్చుట మన ప్రాంతమునకు కొత్త కాదు.

క్లారెన్స్ లియోనిడస్ ఫెండర్ గారు 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఫుల్లర్టన్ పట్టణమునకు సమీపమున పుట్టినారు. తల్లిదండ్రులది నారింజ తోట. 8 ఏళ్ల ప్రాయములో గడ్డ లేచినందున ఆయనకు ఒక కన్ను తీసివేయవలసి వచ్చినది. తక్కిన జీవితమంతయు గాజు కన్నుతోనే గడిపినారు. 13 ఏళ్ల వయసులో, మోటారు కార్ల విద్యుత్ సామాను పని చేసే ఒక దగ్గరి బంధువు పాత రేడియో భాగములను పెట్టెలో వేసి పంపగా, ఆ పిల్లవాని మనసు వాటి మీద నిలిచిపోయినది. అయినను కళాశాలలో చదివినది లెక్కల పద్దులే. 1934లో ఎస్తేరు గారిని వివాహము చేసుకొన్నారు. ఆర్థిక మాంద్యపు రోజులలో లెక్కల ఉద్యోగము పోయినది. అప్పుడు 600 డాలర్లు అప్పు చేసి 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణము తెరిచినారు.

ఆ దుకాణమే ఆయనకు పాఠశాల. ఊరిలోని వాయిద్యకారులు చెడిపోయిన యాంప్లిఫయర్లు తెచ్చి ఇచ్చేవారు. ఏ భాగము త్వరగా చెడుతున్నది, ఏ తీగ ఎక్కడ తెగుతున్నది, ఏ మరను విప్పుటకు చేయి పట్టడం లేదు అనే సంగతులన్నీ ఆయన దినదినము చూసినారు. వస్తువు అందముగా ఉంటే చాలదు, చెడినప్పుడు సులభముగా బాగుచేయుటకు వీలుండవలెను అనే పట్టుదల ఆయనకు అక్కడనే కలిగినది.

ఆ కాలపు గిటారుకు ఒక పెద్ద కష్టము ఉండెను. డోళ్లు, బాకాలు మ్రోగుచుండగా దాని స్వరము వినబడేది కాదు. 1931లో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనేవారు ఒళ్లో పెట్టుకొని వాయించే హవాయి గిటారుకు విద్యుత్ పికప్ అమర్చినారు. పికప్ పని చేసే తీరు కష్టమైనది కాదు. అయస్కాంతము చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి ఉక్కు తంత్రుల క్రింద ఉంచుతారు. తంత్రి కదిలితే రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరుకు ఇస్తుంది. అయితే పికప్‌ను మామూలు డొల్ల గిటారుకు తగిలించి స్వరము హెచ్చిస్తే, స్పీకరు ధ్వనికి గిటారు పొట్టయే అదిరి ఊళ వేసేది. మన గుడిలో మైకును స్పీకరు ఎదుట పెట్టినప్పుడు వచ్చే కూత వంటిదే అది.

ఫెండర్ గారు 1945లో డాక్ కాఫ్‌మన్ అనే మిత్రునితో కలిసి హవాయి గిటార్లు, యాంప్లిఫయర్లు చేయనారంభించినారు. మరుసటి ఏడే ఆ మిత్రుడు వ్యాపారపు భారమునకు వెరచి తప్పుకొనగా, ఫెండర్ గారు తన పేరిట సంస్థ స్థాపించినారు. 1948లో జార్జ్ ఫుల్లర్టన్ ఆయనతో చేరినారు. వీరు ఊళ వేయని గిటారుకు మార్గము వెదకి, డొల్ల లేని గట్టి చెక్క పలకనే గిటారు ఒడలుగా చేసినారు. మెడను జిగురుతో అంటించక నాలుగు మరలతో బిగించినారు. గొడ్డలి కామ విరిగితే కామను మారుస్తాము గాని గొడ్డలిని పారవేయము గదా. అటువంటి ఆలోచనయే ఇది.

ఆ గిటారు 1950లో బయటికి వచ్చినది. ఒక పికప్ ఉన్నదానికి ఎస్క్వైర్ అని, రెండు పికప్‌లు ఉన్నదానికి బ్రాడ్‌కాస్టర్ అని పేరు. గ్రెచ్ సంస్థ తమ డోళ్లకు అదే పలుకుబడి గల పేరు ముందే ఉన్నదని తెలుపగా, ఫెండర్ సంస్థ ఆ పేరు విడిచి 1951లో టెలికాస్టర్ అని పిలిచినది. కొత్త పేరు కుదిరే వరకు గిటారు తల మీది చీటీలో బ్రాడ్‌కాస్టర్ అనే భాగమును కత్తిరించి అమ్మినారు. పడవ తెడ్డు అని, మంచు ఎత్తే పార అని పోటీదారులు దానిని ఎగతాళి చేసినట్లు చెప్తారు. ఆ తెడ్డు నేటికిని పెద్ద మార్పు లేకుండానే తయారవుతున్నది.

1951లోనే ఆయన ప్రెసిషన్ బేస్ చేసినారు. అంతకు ముందు మంద్ర స్వరము కొరకు మనిషి ఎత్తు వాయిద్యమును మోయవలసి వచ్చేది. ఇప్పుడు దానిని భుజమునకు తగిలించుకొని నడువవచ్చును. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినది. పలక అంచు ప్రక్కటెముకలకు గుచ్చుకొంటున్నదని వాయిద్యకారులు చెప్పగా అంచులను చెక్కి నునుపు చేసినారు. మూడు పికప్‌లు పెట్టినారు. స్వరమును వణికించే పిడి, దాని వెనుక స్ప్రింగులు అమర్చినారు. మీట మూడు స్థానములలో నిలిచేది. వాయిద్యకారులు దానిని నడుమ నిలిపి కొత్త స్వరములు కనుగొన్నారు. 1977లో సంస్థ ఐదు స్థానముల మీటనే ఇచ్చినది.

ఇంత చేసిన ఫెండర్ గారికి గిటారు వాయించుట రాదు. జీవితాంతము నేర్చుకొనలేదు. తన చెవిని నమ్ముకొనక, వాయించేవారిని పిలిచి, వారి చేతికి ఇచ్చి, వారు చెప్పినది విని మళ్లీ విప్పేవారు. తెలియని దానిని తెలిసినవారి యొద్ద వినుటలో ఆయన చిన్నతనము చూడలేదు. మేము ఆయన జీవితములో గొప్పగా ఎంచేది ఈ ఒక్క గుణమునే.

ఇక ఆయన శ్రమల సంగతి. 1960 ప్రాంతముల నాటికి వదలని అంటురోగము ఆయనను కృశింపజేసినది. ఎక్కువ కాలము బ్రతుకనని తలంచి సంస్థను అమ్ముటకు సిద్ధపడినారు. 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ తరువాత కొన్ని ఏళ్లకు మరొక వైద్యుని చికిత్సతో ఆయనకు స్వస్థత కలిగినది. అప్పటికి తన పేరు గల సంస్థ తనది కాదు. పెద్ద సంస్థ చేతిలో గిటార్ల నాణ్యత తగ్గినదని అనేకుల అభిప్రాయము. ఆయన దుఃఖపడి కూర్చుండలేదు. మ్యూజిక్ మ్యాన్ అనే సంస్థలో చేరి 1976లో స్టింగ్‌రే అనే పేరుగల బేస్ వెలువరించినారు. 1979లో భార్య మరణించినది. ఆ ప్రాంతములోనే పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ అనే మూడవ సంస్థ పెట్టినారు. చేతులు వణికించే పార్కిన్సన్ వ్యాధి వచ్చినను పనిబల్లను విడువలేదు. 1991 మార్చి 21న, 81 ఏళ్ల వయసులో మరణించినారు.

ఈ కథలో మన తెలుగువారికి కూడా ఒక భాగము కలదు. ఫెండర్ సంస్థ 1956లో నాలుగు తంత్రుల ఎలక్ట్రిక్ మాండొలిన్ కూడా చేసినది. అటువంటి గట్టి పలక మాండొలిన్‌ను పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు బాల్యములోనే చేపట్టి, తంత్రులను ఐదుగా మార్చుకొని, దాని మీద కర్ణాటక రాగములు పలికించినారు. 2014లో ఆయన మరణించే నాటికి ఆ వాయిద్యమును విదేశీయమని ఎవరును అనలేదు. కావున వాయిద్యము ఎచ్చట పుట్టినది అనుటకన్న ఎవరి చేతిలో ఎందుకు మ్రోగుతున్నది అనునదే చూడదగినది.

ఇప్పుడు కొనే విషయము. ముఖ్యముగా మూడు విధములు మన ముందుకు వస్తాయి. టెలికాస్టర్ విధము, స్ట్రాటోకాస్టర్ విధము, 1952లో గిబ్సన్ సంస్థ వెలువరించిన లెస్ పాల్ విధము. అసలు సంస్థలవి ఖరీదైనవి. అదే రూపములో తక్కువ ధరకు చేసేవి అనేకము కలవు. ఫెండర్ సంస్థయే స్క్వయర్ అనే పేరిట 1982 నుండి అటువంటివి అమ్ముతున్నది.

లెస్ పాల్ మెడను జిగురుతో అంటిస్తారు. బరువు 4 కిలోల పైమాట. దాని పికప్‌లో రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసి కరెంటు రొదను అణచుతాయి. ట్యూబులైట్లు, ఫ్యాను రెగ్యులేటర్లు గల మన గుడులలో ఇది మేలే. గాని బస్సు మీద, మోటారు సైకిలు మీద ఊరూరికి తీసుకొనిపోయే గిటారు క్రిందపడి మెడ విరిగితే, జిగురు మెడను బాగుచేయగలవారు మన ఊళ్లలో అరుదు. స్ట్రాటోకాస్టర్ ఒంటికి సుఖముగా ఉంటుంది. అయితే దాని వణికించే పిడి స్ప్రింగుల మీద నిలిచినది గనుక, ఒక తంత్రి తెగితే తక్కినవి కూడా శ్రుతి తప్పవచ్చును. పాట నడుమ అది గొప్ప చిక్కు. క్వయరుకు టెలికాస్టర్ విధము, మరలతో బిగించిన మెడ, కదలని వంతెన గలది చాలునని మా తలంపు. ఒంటి చుట్ట పికప్ రొద బాధిస్తుందనుకొంటే, అదే రూపములో జంట చుట్ట పికప్ గలవి దొరుకుతాయి.

మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టె పై వరుస చూసి ఎవరును ధర కట్టరు. గిటారు కూడా అంతే. రంగును చూడక, మెడను కంటి వరుసకు పెట్టి వంకర ఉన్నదేమో చూడవలెను. మెట్ల అంచులు చేతికి గుచ్చుకొనరాదు. ప్రతి తంత్రిని ప్రతి మెట్టు మీద మీటి, జరజరమని శబ్దము వచ్చుచున్నదేమో వినవలెను. మరలు బిగించిన శ్రుతి పది నిమిషములు నిలువవలెను. మీటలు త్రిప్పితే చిటపటలు రారాదు. బెంగళూరుకు పోయి కొనేవారు వాయించేవానిని వెంట తీసుకొనిపోవలెను. గుడి హార్మోనియము శ్రుతి మారదు గనుక గిటారే దానికి సరిపడవలెను. అందుచేత ఆ హార్మోనియము షడ్జమమును సెల్‌ఫోనులో ధ్వనిముద్రణ చేసి తీసుకొనిపోయి అక్కడనే సరిచూసుకొనుట మంచిది.

ధర అనగా గిటారు ధర మాత్రమే కాదు. యాంప్లిఫయరు, కేబులు, తంత్రుల సెట్లు, సంచి కూడా లెక్కలో చేర్చవలెను. మైకు యాంప్లిఫయరుకు నేరుగా తగిలిస్తే స్వరము పీలగా వస్తుంది. అన్నిటికన్న ముఖ్యము ఎర్త్. ఎర్త్ సరిగా లేని చోట ఉక్కు తంత్రుల మీద చేయి, మైకు మీద పెదవి ఆనితే షాకు కొట్టగలదు. గిటారు కొనుటకు ముందు ఎలక్ట్రీషియనుతో గుడి ఎర్త్ చూపించుడని మా మనవి. పల్లె కూటములలో కరెంటు పోతే ఈ గిటారు వట్టి చెక్కయే గనుక, కరెంటు అవసరము లేని గిటారు ఇంకను ఒకటియు లేని సంఘము ముందుగా దానినే కొనుట వివేకము.

పుంగనూరు ఆవు పొట్టిదైనను పాలకు పేరు పొందినది. వాయిద్యము విషయములో కూడా పేరును, ఖరీదును చూడక అది ఇచ్చే పాలను చూడవలెను. పెద్దలు గిటారును త్రోసివేయక, యౌవనస్థులు ఖరీదైన పేరును పట్టుకొని పెనుగులాడక, వాయించేవారి మాట వినుడి, లెక్క చూసేవారి మాట కూడా వినుడి. వాయించుట రాని ఒక మనిషి ఓపికగా విన్నందుననే ఆ తెడ్డు వంటి పలక ప్రపంచమంతట మ్రోగినది. మన కమిటీ బల్లల చుట్టూ కూడా అటువంటి వినికిడి కలుగును గాక.