పక్షులను పరికించిన పల్లెటూరి గురువు

దేవుడు జంతువులను పక్షులను ఆదామునొద్దకు రప్పించి, వాటికి పేరులు పెట్టు పని అతనికి అప్పగించెనని ఆదికాండము 2వ అధ్యాయములో చదువుచున్నాము. సరియైన పేరు పెట్టవలెనన్న మొదట నిదానముగా చూడవలెను. అట్లు చూచిన ఒక గ్రామ గురువును గూర్చి ఈ నెల తెలిసికొందము.

గిల్బర్ట్ వైట్ 1720లో ఇంగ్లాండు దేశమందలి సెల్బోర్న్ అను పల్లెలో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదివినను స్వగ్రామమునకే తిరిగి వచ్చెను. ఆ ఊరి గురుపదవి వేరొక కళాశాలవారి చేతిలో ఉండుటచేత అది ఆయనకు దొరకలేదు. అక్కడను పొరుగూరను సహాయ గురువుగానే పనిచేసెను. అందుకై చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పొలములలోను అడవి దారులలోను నడచుచు, ఏ పిట్ట ఏ దినమున కూసెను, ఏ మొక్క ఎప్పుడు పూచెను అని ఏండ్ల తరబడి వ్రాసికొనెను.

ఆ చెట్లలో పసుపు ఛాయగల చిన్న పిట్టలుండెను. చూపునకు అన్నియు ఒకటే. ఆయన చెవియొగ్గి వినగా కూతలు మూడు విధములుగా నుండెను. పిమ్మట పిట్టలను చేతికి తీసికొని పోల్చి చూచి, ఇవి మూడు వేర్వేరు జాతులని 1768లో స్నేహితునికి వ్రాసెను. ఆ మాట నేటికిని నిలిచియున్నది.

రైతులు వానపాములను అసహ్యించుకొను ఆ కాలమున, అవి నేలను గుల్లచేసి వాననీటికిని వేళ్లకును దారి యిచ్చుచున్నవనియు, అవి లేనియెడల భూమి గట్టిపడి నిస్సారమగుననియు 1777లో వ్రాసెను.

వానకోవెలలు శీతకాలమున ఎక్కడికి పోవునో ఆయనకు అంతుచిక్కలేదు. కొన్ని అక్కడనే దాగియుండునేమో అని వెదకెను గాని, చూడనిదానిని చూచితినని చెప్పలేదు. అవి ఆఫ్రికాకు పోవునని నేడు మనకు తెలియును.

ఆయన లేఖలు 1789లో గ్రంథముగా వెలువడెను. 1793 జూన్ 26న ఆయన మరణించెను. సమాధి రాతిమీద ఆయన పేరులోని రెండు మొదటి అక్షరములును ఆ తేదీయు మాత్రమే యున్నవి.

మన ఊరు చిన్నది, మన పని అల్పమైనది అని క్రుంగువారు అనేకులు. మా వంటి పల్లె గురువులకును ఆ తలంపు వచ్చుచుండును. అయితే ప్రభువు ఆకాశపక్షులను చూడుమని చెప్పినది గొప్ప పండితులతో కాదు, గలిలయ జాలరులతోను పల్లెజనులతోను. కాళ్లక్రింద త్రొక్కబడు పురుగునకు సహితము పని నియమించిన దేవుడు మనలను మరచునా?

ఈ నెల సండేస్కూలు పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోయి, కనబడిన పక్షుల పేరులను తేదీతో వ్రాయించుదము. తెలియనిదానిని తెలియదనియే వ్రాయుదురు గాక. ఆ సాయంత్రము ఇంటింట 104వ కీర్తన చదువుకొందము.