ఆల్ఫోన్స్ పెనో

ఆల్ఫోన్స్ పెనో (మే 31, 1850 - అక్టోబరు 1880) ఫ్రాన్సు దేశానికి చెందిన వైమానిక పరిశోధకుడు. మెలిపెట్టిన రబ్బరు శక్తితో ఎగిరే నమూనా విమానాలను స్వయంగా నిర్మించి, మనిషి నడపకపోయినా విమానం గాలిలో నిలకడగా ఎగరగలదని నిరూపించాడు. నేడు విద్యార్థులు తయారుచేసే రబ్బరు బ్యాండు విమానాలు ఇతని నమూనా నుండి వచ్చినవే.

బాల్యం

పెనో పారిస్ నగరంలో నౌకాదళాధికారి కుటుంబంలో జన్మించాడు. తుంటి వ్యాధి వలన తండ్రి వలె నౌకాదళంలో చేరలేకపోయాడు. నడవడానికి ఊతకర్రలు అవసరమయ్యేవి. తరువాత తన కృషినంతా విమానయానానికే అంకితం చేశాడు.

ప్లానోఫోర్

1870లో పెనో రబ్బరును మెలిపెట్టి, అది విడివడే శక్తితో ఎగిరే హెలికాప్టరు బొమ్మను చేశాడు. మరుసటి సంవత్సరం "ప్లానోఫోర్" అనే నమూనా విమానాన్ని నిర్మించాడు. దాని పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, బరువు 16 గ్రాములు. అందులో రబ్బరు బరువు 5 గ్రాములు. సన్నని కర్ర దీనికి వెన్నెముక. ప్రొపెల్లరు వెనుక కొనన ఉండేది.

రెక్కల కొనలు పైకి వంగి ఉండుటచే విమానం ఒక ప్రక్కకు ఒరిగినా తిరిగి సర్దుకొనేది. తోకను రెక్కల కంటే తక్కువ కోణంలో అమర్చాడు. ముక్కు క్రిందికి వాలినప్పుడు వేగం పెరిగి, గాలి తోకను క్రిందికి నొక్కగా ముక్కు మరల పైకి లేచేది. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యులరీ ఉద్యానవనంలో ఇది 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు ఎగిరింది.

పేటెంటు, మరణం

1876లో పాల్ గోషో అనే మెకానిక్‌తో కలిసి ఇద్దరు ప్రయాణించగల విమానానికి పేటెంటు పొందాడు. నేల మీద, నీటి మీద దిగగలగటం, లోనికి ముడుచుకొనే చక్రాలు, ఒకే కర్రతో నియంత్రణ అందులోని విశేషాలు. తగినంత తేలికైన ఇంజను ఆనాడు లేదు, ధనసహాయమూ లభించలేదు. నిరాశకు లోనైన పెనో తన చిత్రపటాలను చిన్న శవపేటికలో ఉంచి, ఆవిరి ఎయిర్‌షిప్ నిర్మాత హెన్రీ జిఫార్‌కు అప్పగించి, 30 ఏళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు.

ప్రభావం

1878లో అమెరికాలో మిల్టన్ రైట్ తన కుమారులు విల్బర్, ఆర్విల్‌లకు పెనో తరహా హెలికాప్టరు బొమ్మను తెచ్చి ఇచ్చాడు. వారు దానిని చూసి అటువంటివే తయారుచేశారు. 1903లో తొలి విమానాన్ని నడిపిన రైట్ సోదరులు వారే.