రాళ్లను చదివిన చరిత్ర మాస్టారు గిడుగు

కడియం: ఏటా ఆగస్టు 29న పాఠశాలల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. గిడుగు వెంకట రామమూర్తి చిత్రపటానికి పూలమాల వేస్తారు. వాడుక భాషా ఉద్యమ సారథిగా ఆయనను కీర్తిస్తారు. అయితే ఆయన పట్టభద్రుడైనది చరిత్రలో, పాఠశాలలో బోధించినదీ ప్రధానంగా చరిత్రే. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

రామమూర్తి 1863లో శ్రీకాకుళానికి ఉత్తరాన పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ చదివినప్పుడు గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. బోధిస్తూనే ప్రైవేటుగా పరీక్షలకు కూర్చుని 1896లో బి.ఏ. పూర్తి చేశారు.

సమీపంలోని శ్రీముఖలింగం ఆలయ గోడలపై శాసనాలు నిండుగా ఉన్నాయి. వాటిలో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనను నిలువనీయలేదు. నేర్పేవారు లేకపోవడంతో పుస్తకాలు తెప్పించుకుని ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకున్నారు. గోడల వద్ద నిలబడి అక్షరమక్షరం పోల్చుకుంటూ చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని ఆ ఆధారాలతో ప్రతిపాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. ఒక పాఠశాల ఉపాధ్యాయుడు ఇంత పని చేయడం నేటికీ అరుదే.

పర్లాకిమిడి పరిసర కొండల్లో నివసించే సవరల విషయంలోనూ ఆయన పరులు వ్రాసిన మాటలపై ఆధారపడలేదు. తెలుగు తెలిసిన సవర వ్యక్తిని ఇంట ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి సవరల నోటి మాటలను, పాటలను, కథలను సేకరించారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి వారి భాషలోనే చదువు చెప్పించారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి కోల్పోయారు. చెవులతో భాష నేర్చిన మనిషికి అది సామాన్యమైన నష్టం కాదు. అయినా 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు.

వ్యావహారిక భాషా వాదంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పండితులు కాదన్న ప్రయోగాలను పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి, వచన గ్రంథాల నుంచి ఏరి చూపారు. 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, రామమూర్తి కార్యదర్శిగా వ్యవహరించారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అందుకు సమ్మతించని రామమూర్తి అర్ధ శతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి రాజమండ్రి చేరారు. అప్పటికి ఆయన వయసు 72 ఏళ్లు. కడియానికి కూతవేటు దూరంలోని ఆ గోదావరి తీరమే ఆయన చివరి నివాసమైంది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

కడియం నుంచి ద్రాక్షారామం దూరం కాదు. భీమేశ్వరాలయ స్తంభాలపై, గోడలపై వందలాది శాసనాలు ఉన్నాయి. విహారయాత్రకు వెళ్లిన బడిపిల్లలు ఏటా వాటి పక్క నుంచే నడిచి వస్తుంటారు.