కంప్యూటర్ అంటే ఒకప్పుడు మనిషే!

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సార్టెక్స్ మెషిన్ చూశారా? రంగు మారిన గింజను కెమెరాతో పట్టేసి, గాలితో పక్కకు ఊదేస్తుంది. చేత్తో ఏరే పని అక్కడ ఉండదు. సూర్యాపేట, కోదాడ కాలేజీల్లో ఇంజినీరింగ్ చదువుతున్న మీకూ ఇప్పుడు అదే భయం. కోడ్ కూడా ఏఐ రాసేస్తుంటే ఇక మనమెందుకు? ఏఐ అనే మాట పుట్టకముందే ఈ ప్రశ్నను సీరియస్‌గా తీసుకున్నవాడు అలన్ ట్యూరింగ్.

1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు. తండ్రి జూలియస్ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. నేటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలు అప్పట్లో అందులోనే ఉండేవి. అమ్మానాన్నలు ఇక్కడుంటే, అలన్ చిన్నతనం చాలావరకు ఇంగ్లండ్‌లో వేరేవాళ్ల ఇంట్లో గడిచింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే మెషిన్ కాదు, ఒక ఉద్యోగం. కాగితం, పెన్సిల్ పట్టుకుని రోజంతా లెక్కలు కట్టే మనిషిని అలా పిలిచేవారు. 1936లో ట్యూరింగ్ ఆ పనిని విడగొట్టి చూశాడు. ఒక గుర్తు చదవడం, రూల్ ప్రకారం ఇంకోటి రాయడం, పక్క గడికి జరగడం. ఇంత చిన్న స్టెప్పులుగా రాయగలిగితే ఆ లెక్కను మెషినే చేసేస్తుందని చూపించాడు. ఇవాళ్టి కంప్యూటర్‌కు పునాది అదే. తర్వాత ఆ ఉద్యోగం పోయింది, పేరు మెషిన్‌కు మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో, జర్మన్ల ఎనిగ్మా రహస్య సందేశాలను ఛేదించడానికి 'బాంబ్' అనే మెషిన్ డిజైన్ చేశాడు. కుదరని సెట్టింగులను చకచకా కొట్టేయడం దాని పని. అయితే అది దానంతటదే మొదలవదు. సందేశంలో ఫలానా మాట ఉండొచ్చని ముందుగా మనిషి ఊహించి ఇవ్వాలి. అందుకే మెషిన్లు పెరిగినా జనం తగ్గలేదు. యుద్ధం ముగిసేనాటికి అక్కడ వేలమంది పనిచేస్తున్నారు, వాళ్లలో ఎక్కువమంది మహిళలే.

అలాగని ట్యూరింగ్ తీపి మాటలు చెప్పలేదు. రొటీన్‌గా మారిన ఏ నైపుణ్యాన్నైనా మెషిన్ లాగేసుకుంటుందని, ప్రోగ్రాములు రాసే నిపుణులకూ మినహాయింపు లేదని 1947లోనే హెచ్చరించాడు. 1950లో రాసిన వ్యాసంలో, మెషిన్‌ను చిన్నపిల్లాడిలా తయారుచేసి చదువు చెప్పొచ్చన్నాడు. మెషిన్లు మనల్ని దాటిపోవచ్చని కూడా అన్నాడు.

1952లో స్వలింగ సంపర్కం నేరమంటూ కోర్టు శిక్ష వేసింది. జైలుకు బదులు హార్మోన్ చికిత్స. ప్రభుత్వ రహస్య పనుల తలుపులు మూసుకుపోయాయి. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే చనిపోయాడు. రాణి క్షమాభిక్ష దక్కింది 2013లో. దేశానికి అంత చేసిన మనిషి అక్కర్లేదని తేల్చింది ఏ మెషినూ కాదు, మనుషులే.

కాబట్టి మీరు నేర్చుకుంటున్నది స్టెప్పులు గుర్తుపెట్టుకోవడమే అయితే, భయం నిజమే. ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కోకండి. సూర్యాపేట మార్కెట్ యార్డుకు వెళ్లి రైతు పని ఎక్కడ ఆగిపోతోందో ఒకరోజు చూడండి. అక్కడ దొరికిన ప్రశ్నతో మొదలుపెట్టండి. జవాబుకు ఏఐని వాడుకోండి, తప్పులేదు. ఆ జవాబు వల్ల ఎవరి పని పోతుందో అడగడం మాత్రం దానికి వదిలేయకండి.