తుపాకుల మేస్త్రీ జాన్ బ్రౌనింగ్

సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘంవారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది క్లాసు రూము కాదు, వర్క్‌షాపు. మెకానికల్ చదివిన అయిదేళ్ళలో నాకు కాస్త పట్టుబడినవి రెండే విద్యలు. ఒకటి ఆకురాయి పట్టడం, రెండోది ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిలు పేల్చడం. ఆ రెంటినీ కలిపి చూస్తే నాకు కనిపించే మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఆయనతో నా పరిచయం ఓ పాత రైఫిలు ద్వారా జరిగింది. అమెరికాలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక చిన్న ఊరి దుకాణంలో వాడిన వించెస్టర్ 1894 మోడల్ కనిపించింది. దీన్ని లివర్ యాక్షన్ అంటారు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీని కిందికి లాగి పైకి తోస్తే చాలు, పేలిన తొడుగు బయటపడుతుంది, కొత్త తూటా లోపలికి వెళుతుంది, హామర్ వెనక్కి నిలబడుతుంది. 1964లో ఖర్చు తగ్గించుకోడానికి కంపెనీ కొన్ని భాగాల తయారీ మార్చింది గనక, కొనేవాళ్ళు అంతకు ముందువాటినే వెతుకుతారు. నేను చూసింది అలాంటిదే. గొట్టంలో దీపం వేసి చూశాను, గాళ్ళు అరిగిపోలేదు. స్క్రూల తలలు చెడలేదు. హామర్ సగం ఎత్తులో గట్టిగా నిలబడుతోంది. బేరమాడకుండానే కొనేశాను. అది ఎవరి బుర్రలోంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టింది ఆ తరవాతే.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రి జోనథన్ కూడా తుపాకులు చేసేవాడే. ముగ్గురు భార్యలు, ఇరవై రెండు మంది పిల్లలు. ఆ ఇంట్లో బొమ్మల బదులు విరిగిన తుపాకీ ముక్కలు దొరికేవన్నమాట. పదేళ్ళ వయసులో జాన్ పారేసిన గొట్టానికి కర్ర బిగించి ఓ తుపాకీ చేశాడంటారు. తండ్రి అది చూసి పిట్టలు పడ్డందుకు మురిసిపోలేదట, ఇంత వయసొచ్చి ఇంతకంటే బాగా చెయ్యలేవా అన్నట్టు మాట్లాడాడట. బడి చదువు పదిహేనేళ్ళకే ముగిసింది. మనలాగా డ్రాయింగు బోర్డు దగ్గర కూచుని కొలతలు వేసే అలవాటు ఆయనకి లేదు. ఆలోచన మనసులో తిరగేసుకుని, రేకు ముక్కలు కత్తిరించి, వాటినే కదిపి చూసుకుని ఇనుముతో చేసేవాడు.

1879లో తండ్రి పోయాడు. ఆ ఏడే ఒక్క తూటా పట్టే రైఫిలుకి జాన్‌కి మొదటి పేటెంటు వచ్చింది. అన్నదమ్ములు చిన్న కార్ఖానా పెట్టుకుని చేత్తో కొన్ని వందలు తయారుచేశారు. వాటిలో ఒకటి ఎలాగో తూర్పున న్యూహేవెన్‌లోని వించెస్టర్ కంపెనీకి చేరింది. దాన్ని చూడగానే కంపెనీ పెద్ద టి.జి. బెన్నెట్ 1883లో రైలెక్కి ఆగ్డెన్ వచ్చి, ఎనిమిది వేల డాలర్లకి హక్కులు కొన్నాడు. అప్పటికి జాన్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇక వరస మొదలైంది. 1886, 1892, 1894 మోడళ్ళు, మూడూ లివర్ రైఫిళ్ళే. 1892 మోడల్ గురించి ఓ ముచ్చట చెబుతారు. నమూనా మూడు నెలల్లో ఇస్తే పదివేలు, రెండు నెలల్లో అయితే పదిహేను వేలు ఇస్తానన్నాడట బెన్నెట్. నెలలో ఇస్తాను, ఇరవై వేలివ్వండి, ఆలస్యమైతే ఊరికే తీసుకోండి అన్నాడట బ్రౌనింగ్. గడువుకి ముందే నమూనా చేరిందట. 1894 మోడల్‌కి మరుసటేడు పొగరాని మందుతో పనిచేసే థర్టీ-థర్టీ తూటా తోడయింది. ఆ మోడల్ డెబ్బై లక్షలకి పైగా తయారయింది. 2006లో న్యూహేవెన్ కర్మాగారం మూతపడేదాకా నడిచింది.

ఇక నా రైఫిలు సంగతి. రేంజిలో యాభై గజాల దూరాన కాయితం పెట్టి మూడు తూటాలు పేల్చాను. మూడూ దగ్గర దగ్గరగానే పడ్డాయి, కానీ నాలుగంగుళాలు ఎడమకి. వెనక గురిపలక గొట్టం మీది గాడిలో బిగించి ఉంటుంది, ఇత్తడి ముక్క ఆనించి తట్టి జరపాలి. నేను గొప్పగా ఎడమకి తట్టాను. తూటాలు ఇంకా ఎడమకి పోయాయి! అప్పుడు గుర్తొచ్చాడు మా ఎన్.సి.సి. హవల్దారు. తూటా ఎటు వెళ్ళాలో వెనక గురిని అటే జరపాలి, ముందు గురినయితే ఎదురు వైపుకి. ఎండలో నిలబెట్టి వందసార్లు చెప్పించాడు మాచేత. కుడికి రెండు దెబ్బలు తట్టి, ఎత్తు కోసం వెనక పలక కిందున్న మెట్ల ముక్కని ఒక మెట్టు జరిపాను. తరవాతి మూడూ మధ్యలో పడ్డాయి. తప్పు తుపాకీది కాదు, అది మొదటినుంచీ ఒకేచోట కొడుతూనే ఉంది. గురి సరిచూసుకోవలసింది నేను.

బ్రౌనింగ్ కూడా తన గురి ఒకసారి సరిచూసుకోవలసి వచ్చింది. పందొమ్మిదేళ్ళలో వించెస్టర్ ఆయన దగ్గర నలభైకి పైగా నమూనాలు కొంది. అందులో పావు వంతు మాత్రమే తయారుచేసింది. మిగతావి పోటీదారుల చేతికి పోకుండా బీరువాలో పెట్టుకుంది. ఒక్కసారి డబ్బిచ్చి హక్కంతా తీసుకోవడమే పద్ధతి. తనంతట తానే తూటా మార్చుకునే షాట్‌గన్ చేసినప్పుడు మాత్రం, అమ్మిన ప్రతిదాని మీదా వాటా కావాలన్నాడాయన. కంపెనీ ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధిపతి హార్ట్‌లీని కలవడానికి వెళితే, ఆయన ఆవేళే హఠాత్తుగా చనిపోయాడు. బ్రౌనింగ్ కుంగిపోలేదు, ఓడెక్కి బెల్జియం వెళ్ళి ఎఫ్.ఎన్. కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. మరుసటేడు ఆ షాట్‌గన్ బజారుకొచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా మొదటి ఉద్యోగంలో నేను నెల్లాళ్ళు కూచుని గీసిన ఒక ఫిక్స్చరు డ్రాయింగు మీద వేరొకరి సంతకం పడింది. ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకున్నాను. ఆ కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. కానీ నలభై నమూనాలు ఇచ్చినవాడు కూడా తన పని విలువ గట్టిగా అడగడానికి నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆగాడు గదా అని కొంత ఊరట, కొంత సిగ్గు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యాలని నా ఉద్దేశం కాదు. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని బలిగొన్న పిస్తోలు ఆయన రూపకల్పనే. ఆ వెంటే వచ్చిన మహాయుద్ధంలో అమెరికా సైనికుల చేతుల్లో ఆయన మెషిన్ గన్లు కూడా గర్జించాయి. ఆయన పేరున ఉన్న 128 పేటెంట్లు లెక్కపెట్టేవాళ్ళు ఆ చావుల్ని కూడా లెక్కపెట్టాలి. పనితనానికి నేను దణ్ణం పెడతాను, దాని ఫలితానికి మాత్రం తల ఎత్తలేను. ఇంజనీరయినవాడికి ఈ రెండోది తప్పించుకునే దారి లేదు.

1926 నవంబరు 26న బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారంలోనే, పనిలో ఉండగా, గుండె ఆగి పోయాడు. డెబ్బై ఒక్కేళ్ళు. అప్పటికి ఆయన మొదలుపెట్టి వదిలిన పిస్తోలుని సేవ్ అనే సహచరుడు పూర్తిచేస్తే 1935లో బయటికొచ్చింది. దాని భారతీయ రూపం బెంగాలులోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయి మన సైన్యానికి అందింది. ఆగ్డెన్ కుర్రాడి ఆకురాయి మన దేశందాకా వచ్చిందంటే అలాగే.

నేను వేటాడను. ఆ రైఫిలుతో కాయితాలకే చిల్లులు పెట్టాను. వర్క్‌షాపులో ఇప్పుడు ఆకురాయి పడుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పగలిగింది ఒక్కటే. చేసినదాని మీద మీ పేరు మీరే రాసుకోండి. రాసే ముందు, అది ఎటు పేలుతుందో కూడా ఒకసారి చూసుకోండి.