పోటీ పక్కవారితో కాదు



1902లో అమెరికాలోని అట్లాంటాలో పుట్టిన బాబీ జోన్స్ గోల్ఫ్‌లో ప్రతిభావంతుడే, కానీ మహా కోపిష్టి. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో ఆట కుదరక మధ్యలోనే వదిలేశారు. తర్వాత పద్ధతి మార్చుకున్నారు. ఎదుటివారి స్కోరు కాక, ఒక్కో గుంతకు నిర్ణయించిన దెబ్బల లెక్క 'పార్'నే లక్ష్యంగా పెట్టుకున్నారు. 1925 యూఎస్ ఓపెన్‌లో బంతి కదిలిందని తనకు తానే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నారు. దాంతో స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో టైటిల్ చేజారింది. 1930లో నాలుగు పెద్ద టైటిళ్లూ గెలిచారు. చివరిదాకా డబ్బు కోసం ఆడని అమెచ్యూర్‌గానే ఉండి, 28వ ఏట పోటీల నుంచి తప్పుకున్నారు.

ఈ నెల ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చాక, మంచిర్యాలలో ఎవరి పిల్లలకు ఏ ర్యాంకో ఆరా తీయకండి. పోయిన నెల మీ బిడ్డ తప్పు చేసిన లెక్క ఈసారి సరిగా చేసిందా, అది చూడండి.