ఇప్పచెట్టుకు సైన్సు పేరు పెట్టిన డాక్టరు



ఈ నెల గోడపత్రికలో జీవిత చరిత్ర రాయడం నా వంతు వచ్చింది. గాంధీ గారి గురించి, అల్లూరి గారి గురించి మన పత్రికలో చాలాసార్లు రాశారు. అందుకని సైన్సు టీచర్ గారు వేరే పేరు చెప్పారు. ఆయన విలియం రాక్స్‌బర్గ్. ఈ పేరు మన ఊళ్ళల్లో ఎవ్వరికీ తెలియదు. కానీ ఎండాకాలం మనం ఏరే ఇప్పపువ్వు చెట్టుకి, మనం కోసే తునికాకు చెట్టుకి సైన్సు పేరు పెట్టింది ఈయనే. వృక్షశాస్త్రం పుస్తకాల్లో చెట్టు పేరు చివర రాక్స్‌బ్ అని పొట్టిగా ఉంటే అది ఈయన పేరే.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్ దేశంలో జన్మించాడు. ఎడిన్‌బరో పట్నంలో వైద్యం చదివాడు. అప్పట్లో వైద్యం చదివేవాళ్ళు చెట్ల గురించి కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే మందులన్నీ చెట్ల నుంచే వచ్చేవి. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఓడలో డాక్టరుకి సహాయకుడిగా చేరాడు. 1776లో మద్రాసు వచ్చి అక్కడి ఆసుపత్రిలో పని చేశాడు. రోజుకి మూడుసార్లు ఎండ, గాలి, వాన కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు.

1781లో ఆయన్ని సామర్లకోట పంపించారు. అవును, మన కాకినాడ పక్కన రైలు ఆగే సామర్లకోటే. అక్కడ పన్నెండేళ్ళ దాకా ఉన్నాడు. తోట వేశాడు. మిరియాలు, నీలిమందు, చెరుకు గురించి పరిశోధన చేశాడు. కంపెనీకి కావలసింది లాభం, అందుకే ఆ పనులు చెప్పింది. కానీ ఆయన లాభం లేని మొక్కలని కూడా వదల్లేదు. కనపడిన ప్రతి మొక్కకీ ఆకు ఎలా ఉంది, పువ్వు లోపల ఏముంది, జనం దాన్ని తెలుగులో ఏమంటారు అని రాసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని రాసింది ఈయనే. ఆ చెట్టుకి ఇప్పుడున్న సైన్సు పేరులో మన తెలుగు మాట సోమిద అలాగే ఉంది.

మన దేశపు చిత్రకారులని పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. అందులో 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. ఇప్ప, తునికి అందులో ఉన్నాయి. ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మాత్రం అందులో లేవు. అడవిలోకి తీసుకెళ్ళి చెట్లు చూపించినవాళ్ళ పేర్లు కూడా లేవు. ఇది చదివినప్పుడు నాకు బాధ వేసింది.

ఆయనకి కష్టాలు కూడా వచ్చాయి. ఒకసారి తుఫాను వరదలో ఆయన పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కలు అన్నీ పోయాయి. ఎన్నో ఏళ్ళ కష్టం అది. ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తర్వాత ఈ జిల్లాల్లో పెద్ద కరువు వచ్చి జనం చచ్చిపోతుంటే చూశాడు. వానలు లేకపోయినా తిండి దొరకాలంటే కొబ్బరి, పనస లాంటి చెట్లు నాటించాలని పైవాళ్ళకి రాశాడు.

1793లో ఆయన కలకత్తా వెళ్ళి కంపెనీ తోటకి అధికారి అయ్యాడు. ఆ తోట హౌరాలో ఇప్పటికీ ఉంది. ఇరవై ఏళ్ళు అక్కడ పని చేసి ఆరోగ్యం బాగా చెడిపోయింది. 1813లో ఓడ ఎక్కి ఇంటికి బయలుదేరాడు.

దారిలో సెయింట్ హెలీనా అనే దీవిలో దిగాడు. సోషల్ పాఠంలో నెపోలియన్‌ని బంధించిన దీవి అని చదివాం కదా, అదే. నెపోలియన్ అక్కడికి వచ్చింది 1815లో, అంటే దీని తర్వాత. ఆ దీవి అట్లాంటిక్ మహాసముద్రంలో ఆఫ్రికా నుంచి సుమారు 1,900 కిలోమీటర్ల దూరంలో ఉంది. మొత్తం 122 చదరపు కిలోమీటర్లే. 1502లో పోర్చుగీసు నావికులు చూసేదాకా అక్కడ మనుషులే లేరు. చుట్టూ సముద్రం కాబట్టి అక్కడి చెట్లు చాలావరకు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

రాక్స్‌బర్గ్ జబ్బుతో ఉండి కూడా ఊరికే కూర్చోలేదు. ఆ దీవిలో ఉన్న మొక్కలన్నిటికీ జాబితా రాశాడు. అందులో కొండల మీద పెరిగే ఒక చిన్న చెట్టు ఉంది. దీవివాళ్ళు దాన్ని ఆలివ్ అనేవారు గానీ అది ఆలివ్ కాదు, మన రేగుచెట్టు కుటుంబం. ఆకు పైన ముదురు ఆకుపచ్చ, కింద తెల్లటి నూగు. చిన్న గులాబీ రంగు పువ్వులు. చేవ నల్లగా గట్టిగా ఉంటుంది. దానికి మొదటగా సైన్సు పేరు పెట్టింది ఈయనే. ఆకు కోలగా ఉంటుందని ఎలిప్టికా అన్నాడు. తర్వాత హుకర్ అనే శాస్త్రవేత్త 1862లో దానికి నెసియోటా అనే కొత్త ప్రజాతి పేరు ఇచ్చాడు. గ్రీకు భాషలో దానికి దీవిలో ఉండేవాడు అని అర్థం. ఆ ప్రజాతిలో అదొక్కటే చెట్టు.

రాక్స్‌బర్గ్ 1814లో అక్కడి నుంచి వెళ్ళి 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఆ జాబితా 1816లో అచ్చయింది. ఆయన చూడలేదు.

ఆ చెట్టుకి ఏమయిందో కూడా చెప్పాలి. నావికులు ఎప్పుడో వదిలిన మేకలు వేలకి వేలు పెరిగి చిన్న మొక్కలని మేసేశాయి. జనం కలపకీ వంటకీ చెట్లు నరికారు. తర్వాత నారపంట వేయడానికి కొండలు చదును చేశారు. 1875 నాటికి పది పదిహేను చెట్లే మిగిలాయి. తర్వాత ఒక్కటీ లేదనుకున్నారు. 1977లో జార్జ్ బెంజమిన్ అనే ఆ దీవివాడికి కొండ అంచున ఒకే ఒక్క చెట్టు కనపడింది. అందరూ సంతోషించారు. కానీ ఆ చెట్టు పువ్వుకి వేరే చెట్టు పుప్పొడి కావాలి, దాని పుప్పొడితో దానికే గింజ కట్టడం చాలా అరుదు. వేరే చెట్టు ఎక్కడిది? కొమ్మలు తెచ్చి నాటితే బూజు తెగులు పట్టింది. 1994లో కొండ మీది చెట్టు చచ్చిపోయింది. తోటలో పెంచిన ఆఖరిది 2003లో పోయింది. ఇప్పుడు పేరు ఉంది, చెట్టు లేదు.

అదే దీవిలో ఎబొనీ అనే ఇంకో మొక్క కూడా పోయిందనుకున్నారు. 1980లో రెండు పొదలు కనపడ్డాయి. బెంజమిన్ సోదరుడు తాడు పట్టుకుని కొండచరియ దిగి కొమ్మలు తెచ్చాడు. ఆ కొమ్మల నుంచి వేల మొక్కలు అయ్యాయి. అది బతికింది.

ఇది చదివాక నేను దసరా సెలవుల్లో నోట్‌బుక్కు పట్టుకుని మా మామ్మతో కొండెక్కాను. మామ్మకి చదువు రాదు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదటిదాన్ని. మామ్మ ఒక్కో చెట్టు దగ్గర ఆగి పేరు చెప్పింది, నేను రాశాను. 43 పేర్లయ్యాయి. అందులో 17 చెట్లు నేను ఒక్కదాన్ని వెళ్తే గుర్తుపట్టలేను. ఇంకో రెండు పేర్లు చెప్పి, అవి నా చిన్నప్పుడు ఉండేవి, ఇప్పుడు వెతికినా దొరకవు అంది. ఆ రెండూ కూడా రాసుకున్నాను గానీ, రాస్తుంటే ఆ దీవి చెట్టే గుర్తొచ్చింది.

రాక్స్‌బర్గ్ గారు రాయబట్టే ఆ చెట్టు ఒకటి ఉండేదని తెలిసింది. కానీ రాసినంత మాత్రాన చెట్టు బతకలేదు. అందుకని మీ అందర్నీ ఒకటి అడుగుతున్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళని అడిగి చెట్ల పేర్లు మన భాషలో రాసుకు రండి. చెప్పినవాళ్ళ పేరు కూడా పక్కన రాయండి. దొరికితే నాలుగు గింజలు తెండి. బోరు దగ్గర ఖాళీ స్థలం ఉంది, నీళ్ళు మేమే పోస్తాం. వార్డెన్ మేడం గారు ఒప్పుకోవాలని కోరుతున్నాను.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని